ఆస్పత్రి ఆయాలు, వార్డు బాయ్‌లు: ఉద్యోగ భద్రత, పని గంటలు

ప్రభుత్వ ఆస్పత్రుల్లో రోగిని లేపి కూర్చోబెట్టే ఆయా, స్ట్రెచర్ నెట్టే వార్డు బాయ్ చాలాచోట్ల ఔట్‌సోర్సింగ్ ఏజెన్సీ మనుషులే. డ్యూటీ వేసేది ఆస్పత్రి, జీతమిచ్చేది ఏజెన్సీ. ఏజెన్సీ జీతం ఎగ్గొడితే ఆ బాకీ తీర్చాల్సింది ఆస్పత్రే. ఈ సంగతి చాలామందికి తెలియదు.

ఏళ్ల తరబడి చేస్తే పర్మినెంట్ అవుతుందనే ఆశ చాలా ఇళ్లల్లో ఉంది. తాత్కాలికంగా ఎన్నేళ్లు చేసినా అంతమాత్రాన ఆ హక్కు రాదని 2006లో ఉమాదేవి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అయితే, నిత్యం అవసరమైన పని ఏళ్లుగా చేస్తున్నవాళ్లను తీసేయడానికి ఆ తీర్పును అడ్డు పెట్టుకోవద్దని 2024 డిసెంబరులో జగ్గో కేసులో అదే కోర్టు అంది. ఆ కేసు వేసినవాళ్లు ఏజెన్సీ మనుషులు కాదు, నేరుగా పెట్టుకున్నవాళ్లు. ఆ తేడా చిన్నదేం కాదు.

పని గంటలకు పరిమితి వారానికి 48. రోజుకు 12 గంటల చొప్పున ఆరు రోజులు చేస్తే 72 అవుతాయి. మిగతా 24 గంటలకు ఓవర్‌టైమ్ కింద రెట్టింపు వేతనం రావాలి. అడగాలంటే హాజరు లెక్క చేతిలో ఉండాలి, రిజిస్టర్ ఫొటో అయినా సరే.

జీతం నెలకు 21,000 లోపు ఉంటే ఈఎస్ఐ వర్తిస్తుంది. 16,000 జీతానికి కార్మికురాలి వాటా 120 రూపాయలు, యజమాని వాటా 520. పే స్లిప్‌లో కోత కనిపిస్తున్నా ఈఎస్ఐ నంబరు ఇవ్వలేదంటే, ఈఎస్ఐ కార్యాలయంలో ఫిర్యాదు చేయొచ్చు.