కుప్పలో కరిగే చక్కెర

బీట్ దుంపలో ఉన్నదీ చెరకులో ఉన్నదీ ఒకే చక్కెర అని 1747లో బెర్లిన్ రసాయనవేత్త మార్గ్రాఫ్ తేల్చాడు. ఆయన శిష్యుడు అఖార్డ్ 19వ శతాబ్ది మొదట్లో సైలీషియాలోని కూనెర్న్‌లో తొలి ఫ్యాక్టరీ పెట్టాడు. నిల్వ సమస్య కూడా దానితోనే పుట్టింది. చలి ముదిరేలోగా దుంపలన్నీ తవ్వేయాలి. ఫ్యాక్టరీ మాత్రం నెలల తరబడి ఆడాలి. దాంతో దుంపలను కుప్పపోసి గడ్డి, మట్టి కప్పి ఉంచేవారు.

తవ్వినా దుంప చావదు. శ్వాసిస్తూ తన చక్కెరను తానే తింటుంది. ఆ శ్వాసలో పుట్టే వేడికి కుప్ప వేడెక్కుతుంది, మొలకలొస్తాయి, గాయాల మీద బూజు పడుతుంది. పోయిన చక్కెర కన్నా మిగిలినది పెట్టే చిక్కే పెద్దది. సుక్రోజ్ విడిపోయి గ్లూకోజ్, ఫ్రక్టోజ్‌లు పెరిగితే రసం రంగు చెడుతుంది, పలుకు కట్టదు, చక్కెర మడ్డిలోకి పోతుంది. నరికిన చెరకు ఫ్యాక్టరీ గేటు దగ్గర ఎండలో నిలిచిపోతే ఏమవుతుందో తెలిసిన రైతుకు ఇది కొత్త సంగతి కాదు.

అందుబాటులో ఉన్న మందు సున్నం. రసాన్ని శుద్ధి చేయడానికి ఫ్యాక్టరీలో అది ఎలాగూ ఉంటుంది. సున్నపు పాలు కుప్ప మీద చల్లితే తెల్లటి పూత ఎండను తిప్పికొడుతుంది, క్షారగుణం బూజును కొంత అణుస్తుంది. అయితే అది పైపొరకే.

1949లో మలేయిక్ హైడ్రజైడ్ అనే రసాయనం మొక్కల ఎదుగుదలను ఆపుతుందని వెల్లడైంది. తవ్వకానికి ముందే ఆకుల మీద చల్లితే అది దుంప మొదలుకు చేరి, కణాలు విభజన చెందకుండా ఆపి, మొలకను అణుస్తుంది. బీట్‌లో ఫలితాలు నిలకడగా రాలేదు. ఉల్లి, బంగాళాదుంపల దగ్గరే ఆ మందు స్థిరపడింది.

1970లలో అమెరికాలోని ఫార్గో పరిశోధకుల దృష్టి మొలక నుంచి బూజుకు మళ్లింది. బోట్రైటిస్, పెనిసిలియం, ఫోమా అనే మూడు బూజులనూ థయాబెండజోల్ అనే శిలీంధ్రనాశకం పిచికారీ తగ్గించింది. ఒకే మందును పదేపదే వాడితే తట్టుకునే బూజులు మిగలడం దాని బలహీనత. 2010లలో ఐడహోలో మిశ్రమ శిలీంధ్రనాశకాలనూ, ఫార్గోలో దుంప సహజ రక్షణను మేల్కొలిపే జాస్మోనిక్ ఆమ్లాన్నీ పరీక్షించారు.

ఫార్గో ఉన్న రెడ్ రివర్ లోయలో మాత్రం పెద్ద భారం చలిదే. కుప్పల్లోకి గాలి గొట్టాలు వేసి, నడి చలికాలంలో దుంపలను గడ్డకట్టించి, వసంతం దాకా ఆడిస్తారు.