1.3.6.1 వెనక ఉన్న మనుషులు

రౌటర్‌ను 'నువ్వు మొదలై ఎంతసేపయింది?' అని అడగాలంటే ఆ ప్రశ్న 1.3.6.1.2.1.1.3.0 అన్న రూపంలో వెళ్లాలి. తిరిగి వచ్చేదీ అంకే, సెకనులో నూరోవంతుల లెక్కలో. మాదాపూర్‌లో రాత్రి షిఫ్టు చేస్తున్న ఇంజినీరు తెర మీద మాత్రం 'సిస్‌అప్‌టైమ్' అన్న పేరు, పక్కనే రోజులు, గంటలు కనిపిస్తాయి. యంత్రం ఆ పేరును పంపలేదు. అంకెను పేరుగా మార్చే పనంతా చూసేవాళ్ల కంప్యూటర్‌లో, విడిగా దాచుకున్న ఒక ఫైలు సాయంతో జరుగుతుంది. నెట్‌వర్క్ పర్యవేక్షణ చరిత్రలో నాకు అన్నిటికన్నా ముఖ్యంగా తోచేది ఈ ఏర్పాటే. దీని మంచీ చెడూ రెండూ ఇవాళ్టికీ మనం అనుభవిస్తున్నాం.

1987 నాటికి అమెరికా విశ్వవిద్యాలయాల్లో ఇంటర్నెట్ వేగంగా అల్లుకుపోతోంది. ఎక్కడ లైను పడిపోయిందో తెలుసుకోవడానికి అప్పట్లో చేతిలో ఉన్న సాధనాలు బహు తక్కువ. టెనసీ విశ్వవిద్యాలయం నుంచి జెఫ్ కేస్, ప్రోటియాన్ కంపెనీ నుంచి జేమ్స్ డేవిన్, కార్నెల్ నుంచి మార్క్ ఫెడోర్, రెన్సెలేర్ నుంచి మార్టిన్ షాఫ్‌స్టాల్ కలిసి గేట్‌వేల బాగోగులు కనిపెట్టే చిన్న ప్రోటోకాల్ ఒకటి తయారుచేసి ఆ నవంబరులో ప్రచురించారు. పేరు ఎస్‌జీఎంపీ. అదే సమయంలో అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ ఐఎస్‌ఓ తన సొంత పద్ధతిని సిద్ధం చేస్తోంది. అది పెద్దది, గంభీరమైనది, ఇంకా పూర్తికానిది. ఏది ఎంచుకోవాలన్న చర్చ 1988 ఏప్రిల్‌లో వింట్ సెర్ఫ్ రాసిన పత్రంతో ఒక కొలిక్కి వచ్చింది. ఇప్పటికి చిన్నదాన్నే మెరుగుపరిచి వాడుకుందాం, ముందుముందు ఐఎస్‌ఓ దారికి మారదాం, అందుకు వీలుగా పేర్ల ఏర్పాటు మాత్రం రెంటికీ ఒకటే ఉంచుదాం అన్నది ఆ నిర్ణయం. ఆ చిన్నదే ఆగస్టు నాటికి ఎస్‌ఎన్‌ఎంపీగా బయటికొచ్చింది.

ఆ చివరి షరతు వల్లే మనకు ఇంత పొడుగు అంకెలు వచ్చాయి. ఐఎస్‌ఓకు అప్పటికే ప్రపంచంలోని ప్రతి వస్తువుకూ చోటివ్వగల ఒక కొమ్మల చెట్టు ఉంది. రాష్ట్రం, జిల్లా, మండలం, ఊరు, ఇంటి నంబరు అని చిరునామా ఒక్కో మెట్టూ దిగినట్టే అక్కడా దిగాలి. మొదటి 1 ఐఎస్‌ఓది. దాని కింద 3 గుర్తింపు పొందిన సంస్థలది. వాటిలో 6 అమెరికా రక్షణ శాఖది. దాని కింది 1 ఇంటర్నెట్‌ది. ఇక్కడొక విశేషం ఉంది. రక్షణ శాఖ తన కొమ్మను ఎలా పంచుకుంటుందో అప్పటికి ఏమీ చెప్పలేదు. కీత్ మెక్‌క్లాగ్రీ, మార్షల్ రోజ్ తమ పత్రంలో ఆ సంగతి దాచకుండా రాసి, ఇంటర్నెట్‌కు మొదటి చోటు ఇస్తారనే అనుకుంటున్నామని ముందుకు సాగిపోయారు. ఇవాళ లోకంలోని లక్షలాది స్విచ్చులు, ప్రింటర్లు, యూపీఎస్‌లు జవాబిచ్చే చిరునామాకు పునాది ఆ ధైర్యమే.

అనుకున్న కలయిక మాత్రం జరగలేదు. 1989లోనే రెండు దారులూ వేరయ్యాయి. ఐఎస్‌ఓ పద్ధతి ఇంటర్నెట్‌లోకి రాలేదు, దాని కోసం వేసుకున్న అంకెలు ఉండిపోయాయి. అలా ఉండిపోవడమే మేలయిందని నేనంటాను. ఆనాటి రౌటర్లలో మెమరీ చాలా తక్కువ. మొదటి రెండు అంకెలు 1, 3 కలిసి ఒకే బైటులో, 43గా ఇమిడిపోతాయి. పేర్లను మోసే భారం యంత్రానికి లేదు. యంత్రాన్ని అడగగల అంశాల మొదటి జాబితాలో సుమారు 100కు మించకూడదని కట్టడి పెట్టుకున్నదీ తయారీదారులు భయపడకుండా అన్నిటినీ అమలు చేస్తారనే. 1991 మార్చిలో వచ్చిన రెండో జాబితా, ఎంఐబీ-2, ఆ హద్దు దాటింది.

కంపెనీల సొంత వివరాలకు 1.3.6.1.4.1 కింద చోటిచ్చారు. అడిగిన వాళ్లకు వరస నంబరు, పైసా ఖర్చు లేకుండా. సిస్కోకు 9, హెచ్‌పీకి 11, మైక్రోసాఫ్ట్‌కు 311. కాలిఫోర్నియాలో జాన్ పోస్టెల్, జాయిస్ రేనాల్డ్స్ నిర్వహించిన ఆ నంబర్ల పట్టికను ఇప్పుడు ఐఏఎన్‌ఏ చూస్తోంది. నంబరు తీసుకున్నాక దాని కింద ఏ అంకెకు ఏ అర్థమో రాసి ఎంఐబీ ఫైలుగా ఇవ్వాల్సింది ఆ కంపెనీయే.

కష్టమంతా అక్కడే మొదలవుతుంది. కార్నెగీ మెలన్‌లో పుట్టి, డేవిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో వెస్ హార్డేకర్ చేతిలో పెరిగిన నెట్-ఎస్‌ఎన్‌ఎంపీ అనే సాఫ్ట్‌వేర్‌లో 'ఎస్‌ఎన్‌ఎంపీ ట్రాన్స్‌లేట్' అనే ఆదేశం ఉంది. అంకె ఇస్తే పేరు చెబుతుంది, పేరు ఇస్తే అంకె చెబుతుంది, ఫైలు ఉంటేనే. ఆ ఫైలు ఇంకో ఫైలును రమ్మంటుంది, అది మరొకదాన్ని. గొలుసులో ఒక్కటి లేకపోయినా మాడ్యూల్ దొరకలేదన్న సందేశమే మిగులుతుంది. డెబియన్ లైనక్స్ అయితే లైసెన్సు చిక్కుల వల్ల ప్రామాణిక ఎంఐబీలను కూడా తన ప్యాకేజీలోంచి తీసేసింది. వాటిని విడిగా దించుకుని, సెట్టింగుల ఫైలులో ఒక వరసను పనిచేయకుండా చేస్తే గానీ పేర్లు కనిపించవు.

అర్ధరాత్రి డేటా సెంటర్‌లో కూలింగ్ ఆగిపోయి హెచ్చరిక వస్తే, అందులో అంకెలు తప్ప ఏమీ లేకపోతే, దాన్ని చదవాల్సిన మనిషి నిస్సహాయుడవుతాడు. ప్రమాదం చెప్పింది యంత్రమే, అర్థం చెప్పాల్సిన కాగితం మాత్రం ఎక్కడో కంపెనీ లాగిన్ వెనక ఉంది. యంత్రాన్ని అమ్మి దాని ఎంఐబీని దాచుకోవడం సగం సరుకే అమ్మడం. కొనుగోలు ఒప్పందాల్లో ఈ ఫైళ్లను యంత్రంతోపాటే ఇవ్వాలని రాయించుకోవడం ప్రతి సంస్థ హక్కు. ముఖ్యంగా ప్రజల డబ్బుతో నడిచే సంస్థలు ఈ మాట పట్టుబట్టి అడగాలి.

ఈ అంకెల చెట్టులో, నెట్‌వర్క్ పర్యవేక్షణకు బయట, మన దేశానికీ ఒక కొమ్మ ఉంది. 2.16.356లో 356 భారతదేశం సంకేతం. దాని కింద 100 మన డిజిటల్ సంతకాల వ్యవస్థది. టెండరు వేసే కాంట్రాక్టరు డిజిటల్ సర్టిఫికెట్ తెరిచి చూస్తే ఆ అంకెలు అందులోనే కనిపిస్తాయి.

మళ్లీ పర్యవేక్షణకు వస్తే, ఎంఐబీ దొరికినా మనుషులు పెట్టాల్సిన పేర్లు ఇంకా మిగిలే ఉంటాయి. ఏడో పోర్టు ఎటు వెళుతుందో ఏ కంపెనీ ఫైలూ చెప్పలేదు. పైగా రౌటర్ ఆపి మళ్లీ వేస్తే ఆ ఏడు పన్నెండు కావచ్చు. అందుకే 1997లో, పోర్టుకు మనమే పేరు రాసుకునేలా 'ఇఫ్‌ఏలియాస్' అనే గడిని చేర్చారు. కరెంటు పోయి వచ్చినా అందులో రాసింది చెరగకూడదు. యంత్రం ఎక్కడుందో రాసే 'సిస్‌లొకేషన్' గడి అంతకుముందు నుంచే ఉంది. ఈ రెండు గడులకూ ఆస్కీ అక్షరాలే నిర్దేశించారు. యూనికోడ్‌ను అనుమతించే కొత్త రకం గడులు ఎస్‌ఎన్‌ఎంపీ మూడో రూపంతో వచ్చినా, 2002లో సవరించిన ప్రమాణంలో 'సిస్‌లొకేషన్' పాత రకంగానే కొనసాగింది. కర్నూలులో పెట్టిన స్విచ్చు తానున్న ఊరి పేరును ఇప్పటికీ ఇంగ్లిష్ అక్షరాల్లోనే చెప్పాలి.