ముత్యాల పొడి, ఇరవై మూడు పోట్లు

1693 ఆగస్టు. చెన్నపట్నం సెయింట్ జార్జి కోటలో జేమ్స్ వీలర్ అనే దొర చనిపోయాడు. ఆయన ఈస్టిండియా కంపెనీ కౌన్సిల్ సభ్యుడు, చావడిలో కూర్చుని తగవులు తీర్చే న్యాయాధికారి కూడా. ఒంట్లో బాగాలేదంటే కంపెనీ వైద్యుడు శామ్యూల్ బ్రౌన్ ముత్యాల పొడి ఇప్పించాడు. మందు పడింది, మనిషి దక్కలేదు. ఎడ్వర్డ్ బల్క్‌లీ అనే మరో కంపెనీ వైద్యుడు శవాన్ని కోసి చూశాడు. మన దేశంలో నమోదైన తొలి మెడికో లీగల్ పోస్టుమార్టం ఇదేనని ఫోరెన్సిక్ పాఠ్యపుస్తకాలు చెబుతాయి.

అసలు గుట్టు మాత్రం కడుపులో కాదు, కల్వంలో బయటపడింది. బ్రౌన్ నౌకరు ముత్యాలు నూరిన రాతి కల్వంలోనే అంతకుముందు పాషాణం (ఆర్సెనిక్) నూరారు. ఆ అడుగు బొడుగు ముత్యాల పొడిలో కలిసిపోయింది. బ్రౌన్ దాచలేదు. వీలర్‌ను చంపింది నేనే, నన్ను శిక్షించండి అని పైవాళ్లకు చీటీ రాసిచ్చాడు. జ్యూరీ ఆయన మీద నేరం మోపడానికి ఒప్పుకోలేదు, వదిలేసింది. చెన్నపట్నం చుట్టుపక్కల చెట్టూ చేమా సేకరించి లండన్ పంపిన వృక్షప్రియుడు కూడా ఈ బ్రౌనే. ఆకు ఆకునూ పట్టి చూసే మనిషి కల్వం కడిగారో లేదో చూడలేదు!

పోస్టుమార్టం అంటే లాటిన్‌లో ‘చావు తర్వాత’ అనే అర్థం, అంతే. కోత గానీ పరీక్ష గానీ ఆ మాటలో లేవు, వాడుకలో వచ్చి చేరాయి. మనం ఇంకో అడుగు వేసి ఓడిన క్రికెట్ మ్యాచ్‌కీ, ఎన్నికల ఫలితాలకీ పోస్టుమార్టం చేసేస్తున్నాం. ఆ పోస్టుమార్టంలో తప్పెవరిదో క్షణాల్లో తేలిపోతుంది. అసలు పోస్టుమార్టంలో తేలనిదే అది.

క్రీ.పూ. 44లో రోమ్‌లో జూలియస్ సీజర్‌ను పొడిచి చంపాక అంటిస్టియస్ అనే వైద్యుడు ఆ దేహాన్ని పరీక్షించాడు. 23 పోట్లలో ప్రాణం తీసింది ఒక్కటే, ఛాతీలో దిగిన రెండో పోటు అని ఆయన తేల్చినట్టు చరిత్రకారుడు సూటోనియస్ రాశాడు. ఆ పోటు ఎవరిదన్నది గాయం చెప్పలేదు.

విషం కేసుల్లో వైద్యుడి చేతిలో శవాన్ని కోసే కత్తి ఒక్కటే ఉంటే ఇంకా కష్టం. బల్క్‌లీ కాలానికి పాషాణాన్ని పట్టిచ్చే నమ్మకమైన రసాయన పరీక్షే లేదు. 1833లో ఇంగ్లండ్‌లో తాతకు కాఫీలో పాషాణం కలిపాడని ఒక మనవడి మీద కేసు పెట్టారు. జేమ్స్ మార్ష్ అనే రసాయన శాస్త్రవేత్త పరీక్ష చేసి పసుపు పచ్చని మడ్డి తీశాడు. తీరా జ్యూరీకి చూపించే వేళకు అది కాస్తా పాడైపోయింది. ముద్దాయి బయటపడ్డాడు. ఆ కడుపుమంటతోనే మార్ష్ మళ్లీ ప్రయోగాలకు దిగి 1836లో కొత్త పరీక్ష బయటపెట్టాడు. అనుమానం ఉన్న పదార్థాన్ని జింకు, ఆమ్లంతో కలిపి, వచ్చిన వాయువును గాజు గొట్టంలో వేడి చేయాలి. పాషాణం ఉంటే గొట్టం లోపల నల్లని మెరుపు పూత అద్దంలా అంటుకుంటుంది. దాన్ని కోర్టులో పెట్టి చూపించవచ్చు.

‘విసెరా రిపోర్టు రావాల్సి ఉంది’ అని పేపర్లో చదివే ముక్క వెనుక ఉన్నది ఆ రసాయన పరీక్ష దారే. విషం అనుమానం ఉంటే డాక్టరు కడుపు, అందులోని పదార్థం, కాలేయం, మూత్రపిండాల భాగాలు తీసి సీసాల్లో పెడతారు. పాడవకుండా సాధారణంగా చిక్కటి ఉప్పునీరు పోసి, సీలు వేసి ల్యాబ్‌కు పంపుతారు. ఫార్మలిన్ వాడరు, అది విషం పరీక్షకే అడ్డం.

ఇంత చేసినా దోషి పేరు ఆ రిపోర్టులో ఉండదు. శవాన్ని మార్చురీకి పంపే ముందు పోలీసులు రాసే పంచనామాకూ అదే హద్దు. చావు అనుమానాస్పదమా, పైకి కనిపిస్తున్న కారణమేమిటి అన్నంతవరకే దాని పని అని, ఎవరు కొట్టారన్నది దాని పరిధిలోకి రాదని ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన ఒక హత్య కేసులో 1975లో సుప్రీంకోర్టు చెప్పింది. అప్పట్లో ఆ పంచనామా సీఆర్‌పీసీ 174 కింద జరిగేది. 2024 జులై 1 నుంచి భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 194 కింద జరుగుతోంది.