పారసీక మార్జాలము – దువ్వెన చరిత్ర

సఫావీ చక్రవర్తియగు షా అబ్బాసు పారసీక దేశము నేలుచున్న కాలమున, ఇస్ఫహాను నగరమందు విడిసియున్న పియెత్రో దెల్లా వాల్లే యను రోమా నగరపు కులీనుడు, నేపుల్సునందలి తన వైద్యమిత్రుడైన మారియో స్కిపానోకు 1620వ సంవత్సరమున వ్రాసిన లేఖలో, ఖురాసాను సీమనుండి వచ్చెడి యొక పిల్లిజాతిని గూర్చి శ్రద్ధతో వివరించెను. ఆకారమున అది సామాన్యమైన పిల్లియే యనియు, దాని సౌందర్యమంతయు వన్నెయందును రోమములందును ఇమిడియున్నదనియు, చారలు గాని మచ్చలు గాని లేని బూడిదరంగు బొచ్చు పట్టువలె మెత్తనై నిగనిగలాడుచు కంఠము క్రింద ఒకింత ఉంగరములు తిరిగియుండుననియు, తోకమీది వెండ్రుకలు మరింత పొడవగుటచే ఉడుతవలె దానిని వీపుమీదికెత్తి పరచుకొనుననియు ఆయన వ్రాసెను. పోర్చుగీసువారు ఇట్టి పిల్లులను పారసీకమునుండి హిందూదేశమునకు కొనిపోయిరనియు, తాను గూడ నాలుగు జంటలను రోమునకు చేర్చనెంచితిననియు అందు తెలిపెను.

ఈ వర్ణనమున బొచ్చు పొడవు కలదు, మెత్తదనము కలదు, వన్నె కలదు. ఆ బొచ్చు చిక్కుపడకుండ కాపాడిన చేయి మాత్రము కానరాదు. గుఱ్ఱమును వర్ణించువాడు సాహిణిని మరచిపోవుట అరుదు. కాని ఈ పిల్లిని వర్ణించినవారిలో పెక్కురు దానిని దువ్వినవారిని మరచిరి. దీర్ఘరోమ మార్జాలము యొక్క చరిత్ర సగము దాని శరీరమునందును, తక్కిన సగము దానిని పెంచినవారి దువ్వెనయందును ఉన్నదని గ్రహించినగాని, ఒక ఎలుకలవేటకాని సంతతి మనుష్యుని చేతిమీద ఆధారపడి బ్రదుకవలసిన స్థితికి ఎట్లు వచ్చెనో బోధపడదు.

ఐరోపాఖండమునకు ఈ పిల్లులు వచ్చిన దారి యొక్కటి కాదు. పదునేడవ శతాబ్దపు పూర్వార్ధమున దక్షిణ ఫ్రాన్సునందలి ఎక్సు నగరమున నివసించిన పైరెస్కు అను మహావిద్వాంసుడు, తుర్కీదేశపు అంకారా ప్రాంతమునుండి దీర్ఘరోమపు పిల్లులను తెప్పించి పెంచెను. ఆ ఊరి పేరిట అంగోరా యని పిలువబడిన ఆ జాతి క్రమముగా ఫ్రెంచి ప్రభుకుటుంబముల మందిరములకు అలంకారమయ్యెను. పదునెనిమిదవ శతాబ్దమున బుఫ్ఫాను పండితుడు తన బృహత్తరమైన ప్రకృతిచరిత్రమందు అంగోరా పిల్లికి చోటిచ్చి, దెల్లా వాల్లే చెప్పిన ఖురాసాను పిల్లిని గూడ స్మరించెను; బాషెలియే యను చిత్రకారుడు 1761 ప్రాంతమున సీతాకోకచిలుకమీద చూపు నిలిపిన తెల్లని అంగోరా పిల్లిని చిత్రించెను. ఆ పటమునందలి మంచువంటి బొచ్చులో ఒక్క చిక్కైనను కానరాదు. ఎవరి చేతిలోనో ప్రతిదినము దువ్వెన ఆడనిదే అట్టి బొచ్చు చిత్రకారుని ముందునకు రాదు.

ఆ చేయి మొట్టమొదట స్పష్టముగా కనబడునది కాబూలునందు. 1815వ సంవత్సరమున ప్రకటితమైన తన కాబూలు రాజ్యవర్ణనమందు మౌంట్‌స్టువర్టు ఎల్ఫిన్‌స్టన్, అచ్చటివారు బూరాకు అని పిలిచెడి దీర్ఘరోమపు పిల్లులు విస్తారముగా ఎగుమతియగుచున్నవనియు, ఎల్లయెడల వానిని పారసీకపు పిల్లులనియే చెప్పుకొందురు గాని, పారసీకమున అవి అధికముగా లేవనియు వ్రాసెను. ఆ ప్రాంతమును గూర్చియే ఇర్విన్ అను సైనికోద్యోగి రచించిన వ్యాసము 1839వ సంవత్సరమున బెంగాలు ఆసియాటికు సొసైటీ పత్రికలో వెలువడినది. కాబూలు ప్రజలు ఈ పిల్లిని సబ్బుతో కడిగి, దువ్వి, దాని రోమములు పొడవుగా పెరుగునట్లు చేయుదురని అందు ఆయన చెప్పెను. దువ్వినంతమాత్రమున రోమము పొడవెదగదని నేటి శాస్త్రము చెప్పును. కాని దువ్వని పొడవు నిలువదన్న సంగతి ఆ నగరవాసులకు అనుభవమున తెలిసినదే. బేరమునకు పోవలసిన పిల్లి జడలుకట్టియున్నచో కొనువాడుండడు. కనుక సబ్బును దువ్వెనయు అచ్చట ముచ్చటకొరకు వచ్చినవి మాత్రమే కావు. అవి వర్తకమున పెట్టుబడి.

ఈ పెట్టుబడి ఒక కళగా, ఆపైన ఒక పోటీగా మారినది ఇంగ్లండునందు. 1871వ సంవత్సరము జూలై 13వ తేదీన లండను నగరపు క్రిస్టలు ప్యాలెసునందు, హారిసన్ వియరు అను చిత్రకారుని ఆధ్వర్యవమున నూటడెబ్బది వరకు పిల్లులను పంజరములందుంచి ప్రదర్శించిరి. వీథులలో తరుమబడుచు, ఎలుకలకొరకు మాత్రమే సహింపబడుచుండిన పిల్లిని జనులు ఆదరబుద్ధితో చూడవలెనన్నది వియరు ఆశయము. ఆయనయు, ఆయన సోదరుడగు జాన్ జెన్నరు వియరును, మక్డోనా యను మతాచార్యుడును న్యాయనిర్ణేతలుగా కూర్చుండిరి. 1887వ సంవత్సరమున జాతీయ మార్జాలసంఘ మేర్పడగా వియరు దానికి ప్రథమాధ్యక్షుడయ్యెను. 1889లో తన గ్రంథమున అంగోరా, పారసీక, రుష్యా జాతుల భేదములను వివరించెను. అంగోరా బొచ్చు సన్నమై పట్టువంటిదనియు, పారసీకపు పిల్లికి తల కొంత పెద్దదై, రోమములు మరింత దట్టమై, కొనలయందు మోటుగా నుండుననియు ఆయన మతము.

ఆ భేదములు మాత్రము ఎక్కువకాలము నిలువలేదు. వన్నెకొరకును, దట్టమైన బొచ్చుకొరకును పెంపకపువారు రెండుజాతులను కలిపివేయుచుండగా, 1903వ సంవత్సరమున ఫ్రాన్సెస్ సింప్సను అను విదుషి తన బృహద్గ్రంథమందు, అంగోరాకును పారసీకమునకును గల తేడా అతిసూక్ష్మమగుటచే దానిని పాటింపక, పొడవుబొచ్చు పిల్లులన్నిటిని పారసీకములుగనే పరిగణించెను. విక్టోరియా మహారాణి మనుమరాలగు ష్లెస్విగ్-హోల్‌స్టైన్ రాకుమారివంటివారు నీలివన్నె పిల్లులను పెంచుటతో, తీరికయు ధనమును గల స్త్రీలకు ఈ వ్యాసంగము గౌరవప్రదమయ్యెను. ప్రదర్శనకు కొన్నిదినముల ముందు స్నానము చేయించుట, సన్నని మన్ను గాని వెచ్చజేసిన తవుడు గాని బొచ్చులోనికి పామి జిడ్డును, మురికిని పీల్చనిచ్చి, పిదప ఒక్క రేణువైన మిగులకుండ బ్రష్షుతో దులిపివేయుట, మెడచుట్టునున్న రోమములను ముందునకు దువ్వి ముఖమునకు ప్రభామండలమువలె నిలుపుట మున్నగు సంప్రదాయములు అట్లు స్థిరపడెను. మనదేశమున స్త్రీలు తలకును ముఖమునకును వాడెడి ముల్తానీ మట్టి ఆ మన్నుజాతిలోనిదే.

దీనికి విపర్యాసముగా, ఈ యుద్యమమును నెలకొల్పిన వియరే దానితో విసిగి, అధ్యక్షపదవిని విడిచెను. సంఘసభ్యులలో పెక్కుమందికి పిల్లి క్షేమముకంటె బహుమానములు గెలుచుటయే ప్రధానమైపోయినదని ఆయన 1892వ సంవత్సరమున బహిరంగముగనే వాపోయెను. ఒక జాతి ఆదరము పొందుటకును, ఆదరించువారి అభిరుచికి లోబడుటకును నడుమ నున్న దూరము ఎంత స్వల్పమో ఆయన ఇరువదియేండ్లలోనే కనుగొనెను.

ఇంతటి శ్రమ ఏల అవసరమో తెలియుటకు ఆ బొచ్చు నిర్మాణము నెరుగవలెను. పిల్లి శరీరముపై బిరుసైన పైరోమములును, వానిక్రింద మెత్తని నూగుబొచ్చును ఉండును. పారసీకపు పిల్లియందు ఈ నూగు కూడ మిక్కిలి పొడవును, దట్టమును అగుటచే, రాలిన వెండ్రుక నేలపై పడక, నిలిచియున్న వెండ్రుకల నడుమనే చిక్కుకొని, రాపిడికి ముడివడి, దినములు గడచినకొలది కంబళివలె అట్టకట్టును. సామాన్యమైన పిల్లికి ఈ బాధ లేకపోవుటకు కారణము దాని నాలుకయే. నాలుకపై గొంతువైపునకు వంగిన ముండ్లుండును. ఆ ముండ్ల కొనలు బోలుగానుండి లాలాజలమును బొచ్చు మొదళ్లకు చేర్చునని అమెరికాలోని జార్జియా సాంకేతిక విద్యాసంస్థ పరిశోధకులు 2018వ సంవత్సరమున వెల్లడించిరి. వారు పరీక్షించిన పిల్లిజాతులలో పులికిని సింహమునకును గూడ ముండ్లు చర్మమును అందుచుండగా, పెంపుడు పారసీకపు పిల్లికి మాత్రము బొచ్చు ఎంత అణచినను అవి అందవని తేలినది. ప్రకృతి ఇచ్చిన దువ్వెనకు అందనంతటి బొచ్చును మనుష్యుడు కోరి పెంచెను. అందుచే కొరవడిన పనిని మనుష్యుడు తయారుచేసిన దువ్వెన పూరింపవలసివచ్చెను.

ఆ పనికి ఒక క్రమము కలదు. ఎడమైన పండ్లుగల లోహపు దువ్వెనతో మొదలిడి, వెండ్రుకల కొనలనుండి క్రమముగా మొదళ్లకు పోవలెను. మొదటనే మొదలునుండి లాగినచో చిక్కు బిగియును, పిల్లికి దువ్వెనయనిన భయము పుట్టును. వీపు చూచుటకు సొగసుగా నున్నను చిక్కులు దాగియుండునది వీపునందు కాదు. చెవుల వెనుక, చంకలలో, పొట్టపై, తొడల వెనుకభాగమున, మెడపట్టె రాచుకొనుచోట. ముడి యేర్పడినప్పుడు మొదలును వ్రేళ్లతో పట్టి, చర్మము లాగుకొనిపోకుండ కొద్దికొద్దిగా విప్పవలెను. కత్తెరతో కోయబోయినవారు చర్మమునే కోసిన సందర్భములు పశువైద్యులకు కొత్త కాదు. ఏలయన పిల్లిచర్మము పలుచనై, ముడితోపాటు పైకిలేచి వచ్చును. నీళ్లు పోయుట ఎల్లప్పుడు చిక్కుదీసిన తరువాతనే, ముందుగాదు; తడిసిన ముడి ఆరినకొలది మరింత బిగిసి గట్టిపడును. ఇక దువ్వుట మానినచో పిల్లి నాకి మ్రింగిన వెండ్రుకలు కడుపులో ఉండకట్టి వాంతులకును, ఒక్కొక్కప్పుడు ప్రేగుల అడ్డంకికిని దారితీయును.

ఇరువదవ శతాబ్దమున ఆరైక బొచ్చుతో ముగియక ముఖమునకు వ్యాపించెను. వియరు కాలపు పిల్లికి ముక్కు స్పష్టముగా కనబడెడిది. పెంపకపువారు గుండ్రని తలను, పొట్టి ముక్కును తరతరములుగా ఏరుకొనగా, ముఖ్యముగా అమెరికాలో, శతాబ్దాంతమునకు ముఖము పలకవలె చదునయ్యెను. ముక్కు కురుచయగుటతో కన్నీరు ముక్కులోనికి దిగు నాళము వంగి, నీరు చెంపలపైనే కారును. ఆ తేమచే క్రింది బొచ్చు ఎఱుపెక్కి, చర్మము ఒరయును. కావున కన్నుల క్రింద తడిగుడ్డతో ప్రతిదినము తుడుచుట దువ్వుటతోపాటు నిత్యవిధియయ్యెను. ఊపిరి కష్టము కొన్నింటికి జీవితాంతము వెన్నాడును. మూత్రపిండములందు నీటితిత్తులు పెరుగు వంశపారంపర్యరోగమునకు మూలమైన జన్యుదోషమును 2004లో కాలిఫోర్నియా శాస్త్రజ్ఞులు కనుగొనిరి. అది ఈ జాతియందే అధికముగా వ్యాపించియున్నది. 2008లో ప్రకటితమైన జన్యుపరిశీలన మరియొక చిత్రమును బయటపెట్టెను: నేటి పారసీకపు పిల్లి రక్తసంబంధమున పశ్చిమాసియా పిల్లులకంటె పశ్చిమ ఐరోపా పిల్లులకే సమీపము. ఖురాసానునుండి వచ్చినది కీర్తి. ఈనాడు మనము చూచుచున్న రూపము ఆంగ్లేయుల, అమెరికనుల చేతిపని. ఆ చేతిపనిలోని భారమును పెంపకపువారు తామే గుర్తించిరనుటకు నిదర్శనముగా, ఆ ముఖమునే నిలిపి బొచ్చును మాత్రము పొట్టిజేసిన ఎగ్జాటిక్ అను క్రొత్తజాతి 1960ల దశకమున అమెరికాలో గుర్తింపు పొందినది. దానికి సోమరివాని పారసీకమను పరిహాసనామము గూడ ఏర్పడెను.

మన తెలుగునాట పిల్లి తరతరములుగా ధాన్యపుకొట్ల కాపరియే గాని దువ్వెన యెరిగినది కాదు. ఇంటింట తిరిగి, ఎండలో పడుకొని, తన ఒడలు తానే నాకి శుభ్రపరచుకొనునది. నేడు హైదరాబాదు, విజయవాడ, విశాఖపట్టణముల అంతస్తుల యిండ్లలో పారసీకపు పిల్లి సామాన్యమగుచుండగా, రోహిణికార్తె యెండలకు జడిసి దాని బొచ్చు నంతయు గొరిగించువారు కలరు. చిక్కులు లేని బొచ్చునందు గాలి యాడును. అట్టకట్టిన బొచ్చే వేడిని, చెమ్మను పట్టి యుంచి చర్మరోగములకు తావిచ్చును. కనుక గొరుగుట చికిత్సగా అవసరమగుట వేరు, దువ్వుటకు మారుగా ఎంచుకొనుట వేరు. చల్లని గది, సమృద్ధిగా నీరు, ప్రతిదినము పావుగంట దువ్వెన – కోస్తా ఉక్కలోనైనను దానికి వలసినవి ప్రధానముగా ఇవియే.

కాబూలు బేహారి తన సరకునకు వెల నిర్ణయించునప్పుడు సబ్బు ఖర్చును, దువ్వినవాని శ్రమను అందులో కలుపుకొనియుండును. నేటి బజారున పిల్లిపిల్లకు చెప్పెడి ధరలో ఆ శ్రమ చేరదు. అది కొన్నవాని ఇంటికి వెంట వచ్చి, పండ్రెండు పదునైదేండ్లు దినదినము వసూలగుచుండును. దానిని చెల్లింపజాలనివాడు ఆ పిల్లిని మెచ్చుకొనవచ్చును గాని కొనరాదు. బహుమానములకంటె పిల్లి క్షేమము ముఖ్యమని వియరు పట్టినపట్టు ఆనాటి సభ్యుల చెవి కెక్కలేదు. నేడు ప్రదర్శనశాల గడపయైన త్రొక్కని గృహస్థులచేతికే ఆ పిల్లులలో పెక్కు వచ్చినవి గనుక, దానిని పాటించు అవకాశమును ఇప్పుడు వారిదే.