బైరాడ్స్: రొమ్ము పరీక్షల రిపోర్టులో కనిపించే అంకె

మామోగ్రామ్, అల్ట్రాసౌండ్, ఎంఆర్ఐలలో కనిపించిన మార్పు క్యాన్సర్ అయ్యే అవకాశం ఎంత, ఇకపై ఏం చేయాలి అన్న రెండింటినీ ఒక్క అంకెలో చెప్పే పద్ధతి బైరాడ్స్. ఇది రాకముందు ఒకే రకం మచ్చను ఒక్కో రేడియాలజిస్టు ఒక్కో తీరుగా వర్ణించేవారు. ఆ గందరగోళం పోగొట్టడానికి అమెరికన్ కాలేజ్ ఆఫ్ రేడియాలజీ 1993లో దీన్ని ప్రచురించింది.

ఈ అంకె క్యాన్సర్ దశ కాదు. రిపోర్టులో ‘బైరాడ్స్ 4’ చూసి నాలుగో దశ అనుకుని హడలిపోయేవారు ఉంటారు. దశ నిర్ణయించేది క్యాన్సర్ అని బయాప్సీలో, అంటే ముక్క తీసి చేసే పరీక్షలో, తేలిన తర్వాతే.

సున్నా వస్తే పరీక్ష ఇంకా పూర్తి కాలేదని అర్థం. మరికొన్ని కోణాల్లో చిత్రాలో, అల్ట్రాసౌండో, పాత ఫిల్ములో కావాలి. అమెరికాలో ఏ లక్షణమూ లేకుండా మామోగ్రామ్ తీయించుకునే మహిళల్లో నూటికి సుమారు పదిమందిని మళ్లీ పిలుస్తారు. వారిలో అత్యధికులకు క్యాన్సర్ ఉండదు. 1 అంటే ఏమీ కనిపించలేదు. 2 అంటే నీటి తిత్తి వంటి హాని లేని మార్పు.

నిర్లక్ష్యానికి గురయ్యే అవకాశం ఉన్నది 3. క్యాన్సర్ అయ్యే అవకాశం 2 శాతానికి మించదు కాబట్టి సాధారణంగా బయాప్సీ చేయరు, ఆరు నెలలకు మళ్లీ చూస్తారు. ఆ ఆరు నెలల పరీక్షకు వెళ్లకపోతే ఈ వర్గానికి అర్థమే లేదు. 4లో అవకాశం 2 నుంచి 95 శాతం దాకా ఉంటుంది. ఇంత వెడల్పు కనుకే దాన్ని 4ఎ, 4బి, 4సి అని విడగొట్టారు: 4ఎలో 10 శాతం వరకు, 4బిలో 50 వరకు, 4సిలో అంతకు పైన. 5లో 95 శాతం లేదా అంతకన్నా ఎక్కువ. ఈ రెండు వర్గాలకూ బయాప్సీ చేయాలి. 6 అప్పటికే క్యాన్సర్ రుజువైనవారికి.

మామోగ్రామ్‌లో తెల్లటి చుక్కలుగా కనిపించే కాల్షియం రేణువులకూ మనం మింగే కాల్షియం బిళ్లలకూ సంబంధం లేదు. పాప్‌కార్న్‌లా ముద్దగా ఉన్నవి పాతబడిన ఫైబ్రోఎడినోమా గడ్డలవి, భయం లేదు. పాలనాళాల వెంట సన్నటి గీతల్లా చీలుతూ పోయేవి మాత్రం అనుమానించదగ్గవి. చంకలో రాసుకున్న పౌడరు కూడా ఇలాంటి చుక్కల్లా కనిపించవచ్చు, అందుకే పరీక్ష రోజున వద్దంటారు.

రిపోర్టులో ఎ నుంచి డి వరకు ఉండే అక్షరం రొమ్ము సాంద్రతది. సాంద్ర కణజాలం తెల్లగానే కనిపిస్తుంది, గడ్డ కూడా తెల్లగానే ఉంటుంది. చిన్న వయసులో రొమ్ము సాంద్రంగా ఉంటుంది కాబట్టి గడ్డ అందులో కలిసిపోవచ్చు. ముప్పై ఏళ్లలోపు వారికి ముందుగా అల్ట్రాసౌండ్ చేయడానికి ఇదొక కారణం.

సూది గుచ్చితే క్యాన్సర్ పాకుతుందన్న భయంతో బయాప్సీ వాయిదా వేయడం తప్పు. ఫలితం వచ్చాక దాన్ని చిత్రంతో పోల్చి చూడాలి. చిత్రం 5 అంటున్నా ముక్కలో ఏమీ లేదని వస్తే మళ్లీ ముక్క తీస్తారు. చేతికి తగిలే గడ్డ ఉన్నప్పుడు, మామోగ్రామ్‌లో 1 అని వచ్చినా, డాక్టరుకు చూపించాల్సిందే.