మన మిక్సీ వెనక ఒక ఇల్లాలి పోరు

సూట్‌కేసులో చీరల మధ్య చుట్టి మిక్సీ తెచ్చుకున్నవాళ్ళు మీలో ఎందరో! దాని కథ 1960ల నాటిది. మాధురీ మాథుర్ గారి జర్మనీ మిక్సర్ మోటారు కాలిపోయింది. కేకు పిండికి, పళ్ళరసానికి చేసిన యంత్రమది. మన పసుపుకొమ్ములూ, నానిన మినప్పప్పూ దానికేం తెలుసు? మనమైతే “నాకే వాడటం రాలేదేమో” అనుకుంటాం. ఆవిడ మాత్రం ఇంజనీరైన భర్త సత్యప్రకాశ్ గారిని, మన వంటకు తగ్గది చేసిపెట్టమని పట్టుబట్టారు. అలా పుట్టిందే గట్టి మోటారున్న సుమీత్. రోలు ముందు చతికిలబడి రుబ్బే పని తప్పింది. (రుచి మాత్రం రోటిదేనంటారు మా అత్తగారు. ఒప్పుకుంటాను.)

అమెరికా వచ్చాక మళ్ళీ తిప్పలు. ఇక్కడి ప్లగ్గులో 120 వోల్టులే, దానికేమో 230 కావాలి. చట్నీ చెయ్యాలంటే ముందు బండరాయిలాంటి ట్రాన్స్‌ఫార్మర్ మొయ్యాలి. 110 వోల్టుల మిక్సీలు దొరికాకే మా ఇంట్లో ఆ బండ గరాజుకి చేరింది.