వైట్‌హాల్ అధ్యయనాలు

వైట్‌హాల్ అధ్యయనాలు బ్రిటన్ ప్రభుత్వోద్యోగుల ఆరోగ్యముపై లండన్ నగరములో జరిగిన రెండు దీర్ఘకాలిక పరిశోధనలు. మొదటిది 1967లోను, రెండవది 1985లోను ప్రారంభమైనవి. ఉద్యోగి హోదా తగ్గుతున్న కొద్దీ గుండెజబ్బుతో మరణించే అవకాశము పెరుగుతున్నదని ఇవి చూపినవి. ఈ తేడాకు పొగత్రాగుట వంటి అలవాట్లే కాక, పనిచేసే చోటి పరిస్థితులు కూడా కొంతవరకు కారణమని సూచించినవి. పై అధికారి పనిని ఎలా పంచుతాడు, క్రింది ఉద్యోగి మాటకు ఎంత విలువ ఇస్తాడు అన్నవి కూడా ఆరోగ్యానికి సంబంధించిన విషయాలేనన్న అవగాహనకు ఈ అధ్యయనాలు బలమిచ్చినవి.

పేరు, నేపథ్యము

వైట్‌హాల్ లండనులోని ఒక వీధి. బ్రిటిషు ప్రభుత్వపు ముఖ్య కార్యాలయాలు అనేకము ఈ వీధిలోను, దాని చుట్టుపక్కల ఉన్నవి. అందువలన ప్రభుత్వ యంత్రాంగానికే ఆ పేరు వాడుకలోకి వచ్చినది.

గుండెజబ్బు పెద్ద బాధ్యతలు మోసే పై అధికారులకు వచ్చే జబ్బు అన్న అభిప్రాయము ఆ రోజులలో బాగా వ్యాప్తిలో ఉండేది. దీనిని పరీక్షించడానికి ప్రభుత్వోద్యోగులు అనువైన సమూహము. వారందరూ ఒకే నగరములో, స్థిరమైన ఉద్యోగాలలో ఉన్నవారు. కటిక పేదరికములో ఉన్నవారు కారు. 1948 నుండి అమలులో ఉన్న జాతీయ ఆరోగ్య సేవ వలన వైద్యము అందరికీ అందుబాటులో ఉన్నది. పైగా ఎవరి హోదా ఏమిటో స్పష్టముగా తెలుస్తుంది.

మొదటి అధ్యయనము

డొనాల్డ్ రీడ్, జెఫ్రీ రోజ్ అను శాస్త్రవేత్తలు ఈ అధ్యయనాన్ని ప్రారంభించారు. ఇందులో పాల్గొన్నవారు అందరూ పురుషులే. వారి సంఖ్య సుమారు 18,000. ఉద్యోగులను పరిపాలనాధికారులు, వృత్తినిపుణులు మరియు కార్యనిర్వాహకులు, గుమాస్తాలు, ఇతరులు అని నాలుగు శ్రేణులుగా విభజించారు. బంట్రోతులు, ద్వారపాలకులు మొదలైనవారు చివరి శ్రేణిలోకి వస్తారు.

ఏడున్నర సంవత్సరాల సమాచారాన్ని పరిశీలించి మైకేల్ మార్మట్, రోజ్ మొదలైనవారు 1978లో ఫలితాలను ప్రకటించారు. చివరి శ్రేణివారిలో గుండెజబ్బు మరణాల రేటు మొదటి శ్రేణివారి కంటె 3.6 రెట్లు ఎక్కువగా ఉన్నది. దీనితో పాత అభిప్రాయము తలక్రిందులైనది.

ఇక్కడ ప్రత్యేకముగా గమనించవలసిన విషయము ఒకటి ఉన్నది. తేడా పై వారికి, అట్టడుగు వారికి మధ్య మాత్రమే కాదు. మొదటి శ్రేణి కంటె రెండవ శ్రేణిలోను, దాని కంటె గుమాస్తాలలోను మరణాల రేటు ఎక్కువ. అనగా ఆరోగ్యము మెట్లు మెట్లుగా దిగుతున్నది. చదువు, జీతము, గౌరవము ఉన్న మధ్యతరగతి ఉద్యోగి కూడా తనకు ఒక మెట్టు పైన ఉన్నవానికంటె వెనుకబడి ఉన్నాడు. క్రింది శ్రేణులలో పొగత్రాగేవారు, రక్తపోటు ఉన్నవారు ఎక్కువే. అయితే అటువంటి తెలిసిన కారణాలన్నీ కలిపినా శ్రేణుల మధ్య గల తేడాలో సగము కంటె తక్కువనే వివరించగలిగినవి.

రెండవ అధ్యయనము

మిగిలిన తేడాకు కారణము ఏమిటన్న ప్రశ్నతో, మార్మట్ నాయకత్వములో లండన్ యూనివర్సిటీ కాలేజీ వారు 1985లో రెండవ అధ్యయనాన్ని ప్రారంభించారు. 20 శాఖల నుండి 35–55 సంవత్సరాల వయసుగల 10,308 మంది ఇందులో చేరారు. వారిలో 6,895 మంది పురుషులు, 3,413 మంది స్త్రీలు. కొన్ని సంవత్సరాలకు ఒకసారి వైద్య పరీక్షలు, ప్రశ్నావళులు నిర్వహించారు. ముఖ్యమైన ఫలితాలు ఇవి:

పనిపై అదుపు: అమెరికా శాస్త్రవేత్త రాబర్ట్ కరాసెక్ 1979లో ఒక నమూనాను ప్రతిపాదించారు. దాని ప్రకారము పని ఎక్కువ కావడము ఒక్కటే హాని చేయదు. పని ఒత్తిడి ఎక్కువగా ఉండి, ఆ పనిని ఎప్పుడు, ఎలా చేయాలో నిర్ణయించుకునే అధికారము లేనప్పుడు హాని కలుగుతుంది. పై అధికారికి పని ఎక్కువే కాని, దాని క్రమాన్ని ఆయనే నిర్ణయించుకోగలడు. గుమాస్తాకు ఆ వీలు తక్కువ. 1997లో వెలువడిన ఫలితాల ప్రకారము పనిపై అదుపు తక్కువగా ఉన్నవారిలో కొత్తగా గుండెజబ్బు రావడము ఎక్కువగా ఉన్నది. ఉద్యోగి చెప్పిన మాటనే కాక, ఆ ఉద్యోగ స్వభావాన్ని గురించి సిబ్బంది వ్యవహారాల అధికారులు విడిగా ఇచ్చిన అంచనాను తీసుకున్నా ఫలితము అదే దిశలో ఉన్నది.

న్యాయమైన ప్రవర్తన: మీ పై అధికారి మీ ఇబ్బందులు వింటాడా, అన్యాయముగా విమర్శిస్తాడా, బాగా చేసినప్పుడు మెచ్చుకుంటాడా, తగిన సమాచారము ఇస్తాడా అని ఉద్యోగులను అడిగారు. 2005లో మికా కివిమాకి బృందము ప్రకటించిన ఫలితాలలో, తమ పట్ల న్యాయముగా వ్యవహరిస్తున్నారని చెప్పిన పురుషులలో గుండెజబ్బు అవకాశము సుమారు మూడవ వంతు తక్కువగా ఉన్నది.

అదనపు గంటలు: ఆరు వేల మందికి పైగా ఉద్యోగులను సుమారు 11 సంవత్సరాలు గమనించిన తరువాత 2010లో వెలువడిన ఫలితాలు ఇవి. రోజుకు 3–4 గంటలు అదనముగా పనిచేసేవారిలో గుండెజబ్బు అవకాశము, అదనపు పని చేయని వారి కంటె సుమారు 60 శాతము ఎక్కువ.

ఉద్యోగ భద్రత: అధ్యయనము జరుగుతుండగానే ప్రాపర్టీ సర్వీసెస్ ఏజెన్సీ అను శాఖను ప్రైవేటు సంస్థలకు అమ్మడానికి ప్రభుత్వము పూనుకొన్నది. అమ్మకము జరగక ముందే, మార్పు వస్తుందన్న ఎదురుచూపులోనే, ఆ శాఖలోని పురుషులు తమ ఆరోగ్యము క్షీణించినట్లు తెలిపారని 1995లో ప్రకటించారు.

విమర్శలు, పరిమితులు

వీరందరూ కార్యాలయోద్యోగులు. కనుక ఈ ఫలితాలను గనికార్మికులకు, వ్యవసాయ కూలీలకు, రోజుకూలీలకు యథాతథముగా అన్వయించలేము. ఆరోగ్యము సరిగా లేనివారు పదోన్నతి పొందలేకపోవచ్చును. బాల్యములోని పరిస్థితులు అటు హోదాను, ఇటు ఆరోగ్యాన్ని రెండింటినీ ప్రభావితము చేయవచ్చును. ఇటువంటి పరిశోధన ఒక సంబంధాన్ని చూపుతుంది కాని, కారణాన్ని పూర్తిగా నిరూపించలేదు.

తరువాత ఐరోపాలోని 13 అధ్యయనాలలో పాల్గొన్న సుమారు రెండు లక్షల మంది సమాచారాన్ని కలిపి 2012లో పరిశీలించారు. ఒత్తిడి ఎక్కువై, అదుపు తక్కువైన ఉద్యోగాలలో ఉన్నవారికి గుండెజబ్బు అవకాశము 23 శాతము ఎక్కువని తేలినది. అనగా ప్రభావము ఉన్నది గాని, మొదట అనుకొన్నంత పెద్దది కాదు. పొగత్రాగుట మానడము వలన కలిగే మేలు దీనికంటె చాల ఎక్కువ.

ప్రభావము

బ్రిటన్‌లో 1974 నాటి చట్టము ప్రకారము ఉద్యోగుల ఆరోగ్య భద్రత యజమాని బాధ్యత. ఆ చట్టాన్ని అమలుపరచే ఆరోగ్య భద్రతా కార్యనిర్వాహక సంస్థ, పని ఒత్తిడిని అదుపు చేయడానికి 2004లో నిర్వహణా ప్రమాణాలను ప్రకటించినది. ఇందులో ఆరు అంశాలు ఉన్నవి:

* పనిభారము – ఇచ్చిన పని, ఉన్న సమయానికి, శక్తికి తగినదిగా ఉండుట
* అదుపు – తన పని చేసే పద్ధతిలో ఉద్యోగి మాట చెల్లుట
* తోడ్పాటు – పై అధికారి, తోటివారు అండగా ఉండుట
* సంబంధాలు – వేధింపులకు, అవమానాలకు తావు లేకుండుట
* పాత్ర – తాను చేయవలసినది ఏమిటో ఉద్యోగికి స్పష్టముగా తెలియుట
* మార్పు – మార్పులను ముందుగా తెలిపి, చర్చించి చేయుట

మార్మట్ 2005 నుండి 2008 వరకు ప్రపంచ ఆరోగ్య సంస్థ నియమించిన ఆరోగ్య సామాజిక కారణాల సంఘానికి అధ్యక్షుడుగా ఉన్నారు. పని స్థలములో మానసిక ఆరోగ్యముపై ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో వెలువరించిన మార్గదర్శకాలు, ఉద్యోగికి ఓర్పు నేర్పడముతో సరిపెట్టకుండా పని పరిస్థితులను మార్చాలనీ, పై అధికారులకు శిక్షణ ఇవ్వాలనీ సూచించినవి. కార్యాలయములో వ్యాయామ తరగతులు, వైద్య పరీక్షలు ఏర్పాటు చేయడము మంచిదే. కాని మోయలేని పనిభారము, వినని అధికారి, తెలియని రేపు అలాగే ఉంటే అవి ఒక్కటే చాలవన్నది ఈ అధ్యయనాల సారాంశము.

ఇవి కూడా చూడండి

* గుండెజబ్బు
* రక్తపోటు
* ప్రజారోగ్యము
* కార్మిక చట్టాలు